కురుమనా, షనా? ఒక బండి అక్షరం గురించి నా వాదన

పోయిన ఆదివారం క్లాసులో ఒక అమ్మాయికి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. గుంటూరు దగ్గర నర్సింగ్ చదివింది, జపాన్‌లో వృద్ధుల్ని చూసుకునే కేర్‌గివర్ ఉద్యోగానికి వెళ్ళాలని నా దగ్గర ఆన్‌లైన్‌లో జపనీస్ నేర్చుకుంటోంది. నేనిచ్చిన వాక్యం చిన్నదే. చక్రాల కుర్చీని వ్యాన్‌లోకి ఎక్కించండి, అంతే. చక్రాల కుర్చీని జపనీస్‌లో కురుమ-ఇసు అంటారు. పెద్దవాళ్ళని పొద్దున్న ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని సాయంత్రం మళ్ళీ దింపే వ్యాన్‌ని సోగే-ష అంటారు. ఈ రెండు మాటల్లోనూ ఒకే కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరం ఉంది, బండి అక్షరం. మొదటి మాటలో దాన్ని కురుమ అని చదవాలి, రెండో మాటలో ష అని చదవాలి. ఆ అమ్మాయి మొదటిసారి రెండు చోట్లా ష అని చదివింది, నేను ఆపగానే టెన్షన్ పడి రెండు చోట్లా కురుమ అని చదివింది. "అక్కా, ఒకే అక్షరం కదా, ఒకే లైన్లో రెండు రకాలుగా పలికితే నేనెట్లా గుర్తుపెట్టుకోవాలి?" అంది.

ఆ ప్రశ్న విని నాకు బాధేసింది, ఎందుకంటే పదేళ్ళ కింద నేనూ అదే అడిగాను. నేను మొదట చేరిన కోచింగ్ సెంటర్లో రెండు గడుల జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. ఒక గడిలో ఓన్-యోమి, అంటే చైనా నుంచి వచ్చిన పలుకు. ఇంకో గడిలో కున్-యోమి, అంటే జపాన్ సొంత పలుకు. బండి అక్షరం పక్కన ష, కురుమ. బట్టీ పట్టండి అన్నారు. పట్టాను. ఆ కాగితంలో తప్పు లేదు గానీ, తెలుగు పిల్లలకి జపనీస్ నేర్పడానికి అంతకంటే చెడ్డ దారి ఇంకొకటి లేదని ఇన్నేళ్ళ తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో ఈ ఒక్క అక్షరాన్నే పట్టుకుని చెప్తాను.

ముందు ఆ అక్షరం ఎలా ఉంటుందో చూడండి. మధ్యలో ఒక పెట్టె, ఆ పెట్టెని అడ్డంగా చీలుస్తూ ఒక గీత, పెట్టెకి పైన ఒక అడ్డగీత, కింద ఇంకో అడ్డగీత, వీటన్నిటినీ గుచ్చుతూ పైనుంచి కిందికి ఒక నిలువు గీత. మొత్తం 7 గీతలు, జపాన్‌లో ఒకటో తరగతిలోనే నేర్పుతారు. చైనాలో షాంగ్ రాజుల కాలంలో ఎముకల మీద, తాబేటి చిప్పల మీద చెక్కిన రాతల్లో ఇది అచ్చంగా రథం బొమ్మ. పైనుంచి, డాబా మీద నిలబడి కింద బండిని చూసినట్టు ఊహించుకోండి. నిలువు గీత ఇరుసు, పెట్టె బండి తొట్టి, పైనా కిందా ఉన్న అడ్డగీతలు రెండు చక్రాలు. ఈ బొమ్మ పడుకోబెట్టి ఉందని తెలిశాక మా క్లాసులో ఎవరూ దాన్ని మళ్ళీ మర్చిపోలేదు. దీన్నే మూడుసార్లు, పైన ఒకటి కింద రెండు రాస్తే ఇంకో అక్షరం అవుతుంది, దాని అర్థం దడదడమనే పెద్ద మోత. మూడు బండ్లు కలిసి పోతే వినపడేది అదే కదా. నాకు కంజిలన్నిట్లోకీ ఇదంటే చాలా ఇష్టం.

ఆ బొమ్మ చైనాలో పుట్టింది. కానీ కురుమ అనే మాట ఆ బొమ్మ వల్ల రాలేదు. అది జపాన్ వాళ్ళ నోట్లో సొంతంగా ఉన్న మాట. గిరగిర తిరగడాన్ని వాళ్ళు కురుకురు అంటారు, ఆ తిరగడంలోంచే కురుమ వచ్చిందని ఎక్కువమంది చెప్పే వివరణ. గిరగిర తిరిగేదాన్ని మనం గిరక అన్నట్టు. (తెలంగాణ పిల్లలు వినగానే అడుగుతారు కాబట్టి చెప్తున్నా, గొర్రెలు కాసే కురుమల పేరుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, శబ్దం కలిసిందంతే.) మొదట్లో కురుమ అంటే చక్రం కూడా. ఇప్పటికీ ఆ అర్థం మాటల్లో మిగిలే ఉంది. పళ్ళచక్రం, అంటే గేరు, హగురుమ. అందరూ గుండ్రంగా కూర్చుంటే కురుమ-జ. ఒళ్ళు ముడుచుకున్నప్పుడు చారలు చక్రం ఆకుల్లా కనపడే రొయ్యకి కురుమ-ఎబి అని పేరు. బండికి చక్రమే ప్రాణం కాబట్టి చక్రం పేరే బండికీ వచ్చింది.

తర్వాత చైనా నుంచి రాత వచ్చింది, బౌద్ధం వచ్చింది, వాటితోపాటు వేలకొద్దీ చైనా మాటలొచ్చాయి. బండికి చైనా మాట జపాన్ నోట్లో ష అయింది. అంటే ఒక దేశంలో బండికి రెండు మాటలు, ఒకటి ఇంటి మాట, ఒకటి చదువుతో వచ్చిన మాట. రాయడానికి మాత్రం ఒకటే బొమ్మ. ఇదీ అసలు సంగతి. అక్షరానికి రెండు పలుకులున్నాయి అనే మాటతోనే గందరగోళం మొదలవుతుంది. ఉన్నవి రెండు వేర్వేరు మాటలు, ఆ రెండూ ఒకే బొమ్మ కింద తలదాచుకుంటున్నాయి.

ఈ పరిస్థితి తెలుగువాళ్ళకి కొత్తా? మనకి బండి ఉంది, శకటం ఉంది. నీళ్ళున్నాయి, జలం ఉంది. రైలు కొత్తగా వచ్చినప్పుడు జనం పొగబండి అన్నారు, పండితులు ధూమశకటం అన్నారు. పొగ పక్కన బండి, ధూమం పక్కన శకటం. పొగశకటం అని ఎవరూ అనలేదు, ధూమబండి అని అంతకన్నా అనలేదు. ఏ మాట పక్కన ఏది కూర్చోవాలో ఎవరూ నేర్పకుండానే మనకి తెలుసు. జపాన్ వాళ్ళకి తెలిసిందీ అదే. చైనా మాటల గుంపులో ఉంటే ష, ఇంటి మాటల పక్కన ఉంటే, లేదా ఒంటరిగా ఉంటే కురుమ. కరెంటు అనే చైనా మాట పక్కన దెన్-ష, అంటే ఎలక్ట్రిక్ రైలు. దానంతటదే తిరిగే బండి జి-తెన్-ష, అంటే సైకిల్. దానంతటదే కదిలే బండి జి-దో-ష, అంటే మోటారు వాహనం. అదే కారుని ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఊరికే కురుమ అంటారు.

కానీ మనం రెండు మాటల్ని రెండు రకాలుగా రాస్తాం కదా, వాళ్ళు ఒకే బొమ్మతో రాస్తారు కదా, అదే కదా కష్టం అని ఆ అమ్మాయి అడిగింది. అప్పుడు నేను తెర మీద 2 అని రాశాను. చదువు అన్నాను. "రెండు" అంది. 2 గంటలకి రా, చదువు. "రెండు గంటలకి రా." నీ ఫోన్ నంబర్‌లో 2 ఉంటే ఎలా చెప్తావు? "టూ." 4జి సిమ్? "ఫోర్‌జీ." 4 సిమ్‌లు? "నాలుగు సిమ్ములు." ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. 4 అనే గుర్తు ఒకటే. దాని కింద తెలుగు మాట ఒకటి, ఇంగ్లీషు మాట ఒకటి ఉన్నాయి, పక్కనున్న మాటని బట్టి మన నోరు దానంతటదే ఎంచుకుంటోంది. మన కళ్ళు ప్రతి రోజూ చేస్తున్న ఈ పనికి జపాన్ వాళ్ళు ఓన్ అని, కున్ అని పేర్లు పెట్టారు. వాళ్ళు అంకెలతోనే ఆగకుండా బండికీ, నీళ్ళకీ, కొండకీ కూడా అదే పని చేస్తారు. ఈ మాట మనకి మొదటి రోజే చెప్పకుండా జిరాక్స్ కాగితం చేతిలో పెట్టడమే నాకు కోపం.

ఇంకోటుంది, ఇది తెలిసిన రోజు నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కురుమ ఇంకో ఇంటి మాట తర్వాత వస్తే గురుమ అవుతుంది. హ-గురుమ, గేరు. కత-గురుమ, అంటే పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకోవడం. దీన్ని రెందకు అంటారు. క వచ్చి గ, త వచ్చి ద అవుతాయి. కోచింగ్ సెంటర్లో ఇది కూడా ఒక పట్టికే. మరి కూర, కాయలు కలిస్తే? కూరగాయలు. అన్న, తమ్ముడు కలిస్తే? అన్నదమ్ములు. తల్లిదండ్రులు కూడా అంతే. ఎనిమిదో తొమ్మిదో తరగతిలో మార్కుల కోసం చదివి వదిలేసిన గసడదవాదేశ సంధి! అక్కడితో ఆగలేదు. తెలుగు మాట మీద సంస్కృత మాట వస్తే దాని పరుషాలకి గసడదవలు రావని మన వ్యాకరణం సూత్రం కట్టి చెప్పింది. జపనీస్‌లోనూ మామూలుగా అంతే, ఈ మెత్తబడటం ఎక్కువగా ఇంటి మాటలకే, చైనా మాటలకి తక్కువ. అందుకే కురుమ గురుమ అవుతుంది గానీ జిదోషలో ష అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి పోలిక చెప్పగానే "చూశారా, జపనీస్ మన భాష నుంచే వచ్చింది" అని ఫార్వర్డులు మొదలవుతాయి. ఓనో సుసుము అనే జపాన్ పండితుడు జపనీస్‌కీ తమిళానికీ బంధుత్వం ఉందని చాలా ఏళ్ళు వాదించాడు, భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నేను చెప్పేది బంధుత్వం గురించి కాదు. రెండు భాషలూ పక్కనున్న పెద్ద చదువుల భాష నుంచి కుప్పలుగా మాటలు తెచ్చుకున్నాయి, తెచ్చుకున్నా ఇంటి మాటల్ని వదులుకోలేదు. బతికిన తీరు కలిసింది, అందుకే మనకి నేర్చుకోవడం సులువు. దీనికి చుట్టరికం అక్కర్లేదు.

సరే, మళ్ళీ బండి దగ్గరికి. ఒకే రాతని రెండు మాటలుగా చదివితే అర్థం కూడా మారిపోయే చోట్లున్నాయి, నాకు అవంటేనే ప్రాణం. గాలి అక్షరం, బండి అక్షరం పక్కపక్కన రాయండి. ఫూ-ష అని చదివితే పిండి విసిరే పెద్ద గాలిమర. కజ-గురుమ అని చదివితే జాతరలో పుల్లకి గుచ్చి అమ్మే రంగు కాగితం బొమ్మ, పిల్లాడు చేత్తో పట్టుకుని పరిగెత్తితే గిర్రున తిరిగేది. రాత ఒకటే. చైనా మాట యంత్రాన్ని తీసుకుంది, ఇంటి మాట పిల్లల చేతికొచ్చింది. తెలుగులో యానం అన్నప్పుడూ బండి అన్నప్పుడూ మన ఒంట్లో కలిగే తేడా సరిగ్గా ఇదే.

ఎద్దు, బండి అనే రెండు అక్షరాలైతే ఇంకా చిత్రం. ఉషి-గురుమ అంటే మామూలు ఎద్దుబండి. గ్యూ-ష అన్నా అదే, కాస్త పుస్తకం భాషలో. గిష్ష అని చదివితే మాత్రం వెయ్యేళ్ళ కింద, హేయన్ కాలంలో, క్యోతో దొరలూ దొరసానులూ ఎక్కిన తెరల బండి. వెనకనుంచి ఎక్కాలి, ముందునుంచి దిగాలి, అది మర్యాద. ఇప్పటికీ మే 15న క్యోతోలో జరిగే అఓయ్ ఉత్సవంలో పూలు వేలాడదీసిన అలాంటి బండిని ఎద్దు లాగుతుంటే చూడొచ్చు. అవే రెండు అక్షరాల్ని గో-ష అని చదివితే మనం గుళ్ళో ఉన్నట్టు. కుమారజీవుడనే బౌద్ధ పండితుడు 406లో చైనా భాషలోకి అనువదించిన సద్ధర్మపుండరీక సూత్రం అనే బౌద్ధ గ్రంథంలో ఒక కథ ఉంది. ఇల్లు అంటుకుంటే లోపల ఆడుకుంటున్న పిల్లలు బయటికి రారు. తండ్రి, బయట మీకు మేకబండి, జింకబండి, ఎద్దుబండి ఉన్నాయి రమ్మని పిలుస్తాడు. ఆ ఎద్దుబండి గోష. ఆ బండ్లు బుద్ధుడు చూపించే దారులకి గుర్తులు. సంస్కృతంలో వాటి పేరు యానం, మహాయానంలో యానం. దానికి చైనా వాళ్ళు వాడింది ఎక్కడం అనే అక్షరం. జపాన్‌లో మహాయానం దైజో అయింది. అదే ఎక్కడం అక్షరాన్ని ఇంటి మాటగా చదివితే నో-రు (మన నోరు కాదు, ఎక్కడం అనే జపాన్ మాట), దానికి వస్తువు కలిపితే నోరిమోనో. ఈరోజు జపాన్ పిల్లల బొమ్మల పుస్తకాల మీద బస్సు, ఓడ, విమానం బొమ్మల పైన పెద్దగా ఉండే మాట అదే, ఎక్కి వెళ్ళేవి అని. నాగార్జునకొండకి పేరిచ్చిన నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు ర్యూజు అని పిలిచి, ఎనిమిది శాఖలకీ మూలగురువుగా కొలుస్తారు. ఆయన మహాయానంలో యానానికి వాడే అక్షరమే, పిల్లల బస్సు బొమ్మ పైనా కనిపిస్తుంది.

కురుమ అనే మాట తన అర్థాన్ని ఎన్నిసార్లు మార్చుకుందో చూడండి. 8వ శతాబ్దపు మన్యోషు అనే కవితల సంకలనంలో ఒక రాకుమారి, వలపు అనే గడ్డిని ఏడు బండ్ల నిండా ఎత్తుకుని మోస్తున్నాను, ఇది నా మనసు చేసిన పనే అంటుంది. అక్కడ కురుమ బరువులు మోసే మోటు బండి. తర్వాత హేయన్ దొరల ఎద్దుబండి. ఎదో కాలంలో, అంటే 17 నుంచి 19వ శతాబ్దం దాకా, దారుల మీద చక్రాల బండ్లకి ఆంక్షలుండేవి, జనం నడిచేవాళ్ళు, లేదా పల్లకీ ఎక్కేవాళ్ళు, అప్పట్లో నోరిమోనో అంటే గొప్పవాళ్ళ పల్లకీ. 1868లో మెయిజీ కాలం రాగానే ఊళ్ళల్లో కురుమ అంటే మనిషి లాగే బండి అయిపోయింది. దానికోసం బండి అక్షరం పక్కన మనిషి గుర్తు చేర్చి ప్రత్యేకంగా ఒక అక్షరం కూడా వాడారు, దాన్నీ కురుమ అనే చదివారు. ఇప్పుడు కురుమ అంటే కారు. మన బండి కూడా ఇదే దారిలో వచ్చింది. మా తాతయ్య బండి కట్టమంటే ఎద్దులు వచ్చేవి. మా నాన్న "మొదటి బండికి వచ్చేయ్" అంటే రైలో బస్సో. మా తమ్ముడు "బండి తీస్తున్నా" అంటే మోటార్ సైకిల్. మాట అలాగే ఉంది, కింద చక్రాలు మారాయి. ఇంటి మాటలకే ఈ ఓపిక ఉంటుంది. శకటం ఏ రోజూ మోటార్ సైకిల్ కాలేదు. మన దగ్గర అది గణతంత్ర దినం ఊరేగింపులోనూ, చదరంగం బల్ల మీద శకటుగానూ ఉండిపోయింది. జపాన్ చదరంగం షోగిలోనూ చైనా మాటే, హి-ష, ఎగిరే బండి.

ఆ మెయిజీ బండి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. 1869 ప్రాంతంలో పుట్టింది. ఇజుమి యోసుకే, ఇంకో ఇద్దరు కలిసి తోక్యోలో అనుమతి అడిగితే 1870లో దొరికింది. పేరు జిన్-రికి-ష. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, ష అంటే మన బండి. మూడూ చైనా మాటలే. ఆ బండి ఓడలెక్కి ఆసియా అంతా తిరిగింది, సిమ్లా కొండలకీ కలకత్తా వీధులకీ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పేరు ముందుభాగం రాలిపోయి రిక్ష మిగిలింది. అదే మన రిక్షా. చూడండి ఏం రాలిపోయిందో. మనిషి. లాగేది మనిషే, పేరులోంచి మాత్రం ముందు మనిషే పోయాడు. తర్వాత దానికి సైకిల్ తగిలించారు, సైకిల్ రిక్షా. తర్వాత ఇంజను, ఆటోరిక్షా. ఆ తర్వాత మనకి ఆ పేరూ పొడుగైపోయింది, రిక్షా తీసేసి ఆటో ఉంచుకున్నాం. ఆటో అంటే గ్రీకులో తనంతట తాను. జిదోషలో జి అంటే కూడా అదే. విజయవాడ బస్టాండ్ బయట "ఆటో!" అని కేకేసినప్పుడు జపాన్ మాట అందులో ఒక్క ముక్క కూడా లేదు. కరెంటువి వచ్చాక ఈ-రిక్షా అనడం మొదలుపెట్టారు, దాంతో ష మళ్ళీ మన వీధిలోకి వచ్చింది.

బండి అక్షరం చైనాలో ఉన్న రోజుల్లోనే దానికి ఒకటికి మించి పలుకులుండేవి. చైనా చదరంగంలో దాన్ని ఇప్పటికీ వేరేగా, జూ అని పలుకుతారు. కొరియాలో మోటారు బండికి ఒక పలుకు, సైకిల్‌కి ఇంకో పలుకు. కాబట్టి జపాన్ వాళ్ళు కావాలని కష్టపెట్టారని అనుకోవద్దు. ఇంకో హెచ్చరిక, చైనీస్ కూడా నేర్చుకునేవాళ్ళకి. ఆవిరి, బండి అక్షరాలు కలిపి రాస్తే జపాన్‌లో కి-ష, పొగబండి. చైనాలో అవే అక్షరాలు కారు. నిప్పు, బండి కలిపితే చైనాలో రైలు. జపాన్‌లో అది క-ష, పాపుల్ని నరకానికి మోసుకెళ్ళే మండే బండి. దాన్నే ఇంటి మాటలో హి నో కురుమ అంటారు, ఇల్లు గడవక అప్పుల్లో మునిగిన సంసారాన్ని చెప్పడానికి. జపాన్‌లో నెలాఖరుకి ఎవరైనా మా ఇల్లు నిప్పుల బండి అన్నారంటే కారు తగలబడిందని కంగారు పడకండి, జీతం ఇంకా పడలేదని.

పాఠం చెప్పేవాళ్ళు ఒకటి అడగొచ్చు. కురుమ-ఇసులో ఇసు కుర్చీ, అది చైనా నుంచి వచ్చిన మాటే కదా, మరి ష-ఇసు అనాలి కదా అని. న్యాయమైన ప్రశ్న. ఇంటి మాటనీ అరువు మాటనీ అతికించిన ఇలాంటి మాటలు అక్కడ చాలా ఉన్నాయి. వాటికి జూబకో-యోమి, యుతో-యోమి అని పేర్లు, ఒకటి అంతస్తుల భోజనం పెట్టె పేరు, రెండోది వేడినీళ్ళ పాత్ర పేరు, ఆ పేర్లే అలా అతికించిన మాటలు కాబట్టి. మన పండితులు ఇలాంటివాటిని దుష్టసమాసం అని గద్దించారు. జనం వినలేదు. రైలుబండి అంటున్నాం, హాయిగా ఉంది. కురుమ-ఇసు కూడా అంతే. చక్రాల కుర్చీలో కూర్చునే ముసలాయనకి చెవికి తెలిసిన మాట కురుమే. ఆ అమ్మాయి రేపు ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బ్రేకు వేసి చెప్పాల్సిన మాట అది. వ్యాన్ పేరు సోగే-ష మాత్రం ఎక్కువగా డ్యూటీ చార్టులోనే కనపడుతుంది. ఇలా చెప్పాక ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. కురుమ-ఇసు దగ్గర ఆగలేదు, సోగే-ష దగ్గర ఒక్క క్షణం ఆగి, సరిగ్గానే చదివింది.

వచ్చే నెల కొత్త బ్యాచ్ మొదలవుతోంది. ఆ జిరాక్స్ కాగితం ఇవ్వను. మొదటి రోజు తెర మీద 2 అని రాసి, చదవమంటాను.